రోహిణి కార్తెలో సూతకం

మా బాపు ఎనభై రెండేళ్లు బతికాడు. ఆయన పోయిన తర్వాత భజన మండలి వాళ్లు ఇంటికి వచ్చి, సంస్మరణ సభలో చదవడానికి ఆయన జీవితం గురించి రెండు పేజీలు రాసిమ్మన్నారు. రాసిచ్చాను. రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ల నౌకరీ, తెల్లవారకముందే స్నానం, పూజ, సాయంత్రం పురాణం చదవడం, శనివారం ఒంటిపూట, నలుగురు పిల్లల్ని కని ఒక్కడిని దక్కించుకోవడం, ఎండాకాలం నాంపల్లి స్టేషన్ ఎదుట చలివేంద్రం. అన్నీ నిజాలే. చదివినాయన గొంతు కూడా బాగుంది. వింటూ కూర్చుంటే ఎవరో తెలియని పెద్దమనిషి గురించి చెబుతున్నట్టు అనిపించింది.

నాకు తెలిసిన బాపు ఒక్క ఎండాకాలంలో ఉన్నాడు. అది 1941. ఆయనకప్పుడు డెబ్బై నాలుగు. ఆ ఏడు రోహిణి కార్తె రెండో రోజున నా భార్య వసుమతి చనిపోయింది.

చలివేంద్రం అంటే పెద్దదేమీ కాదు. ప్రయాణికులు దిగే సరాయి గోడ పక్కన తాటాకు పందిరి, దాని కింద ఇసుకలో సగం పూడ్చిన ఆరు రంజన్లు. రంజన్ అంటే నడుమెత్తు మట్టికాగు. ఉగాది నాడు మొదలై మృగశిర కార్తె వచ్చేదాకా నడిచేది. మూసీ వరద వచ్చిన మరుసటేడు బాపు దాన్ని పెట్టాడు. ఎందుకు పెట్టాడో మాకెవరికీ చెప్పలేదు. ఉగాది నుంచి మృగశిర దాకా ఒక్క రోజు కూడా దాహంతో వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపనని దేవుడి ముందు అనుకున్నాడని మాత్రం అమ్మ చెప్పేది. ముప్పై రెండేళ్లు ఆ మాట దాటలేదు.

స్టేషన్ లోపల హిందూ పానీ, ముస్లిం పానీ అని వేర్వేరు కుండలుండేవి. బయట బాపు దగ్గర అందరికీ అవే నీళ్లు. అయితే అందరికీ ఒకే తీరుగా కాదు. కొందరికి చెంబుతో దోసిట్లో పోసేవాడు. కొందరికి రెండు మూరల వెదురు దోనె ఉండేది. ఈ చివర పోస్తే వాళ్లు ఆ చివర వంగి పట్టుకుని తాగేవాళ్లు. ఎవరు ఎటు నిలబడాలో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. దోనె దగ్గరికి పోవలసినవాళ్లు తమంతట తామే పోయేవాళ్లు.

కిష్టవ్వ నీళ్లు తాగేది ఆ దోనె చివరనే. పాలమూరు వైపు నుంచి కరువుకు వచ్చిన మనిషి. గోడ నీడన కూర్చుని పళ్లు తోముకునే వేపపుల్లలు కట్టలు కట్టి అమ్మేది. పందిరి కింద ఊడ్చేది, బురద ఎత్తేది, నీళ్ల వాసనకు వచ్చే ఆవుల్నీ మేకల్నీ అదిలించేది. పన్నెండేళ్లుగా ఆ రంజన్లకు కాపలా ఉంది గాని ఒక్కసారి కూడా వాటిని ముట్టలేదు. ఆమెకూ బాపుకూ రోజూ ఏదో ఒక పేచీ ఉండేది. పుల్లలు సన్నగా ఉన్నాయని ఆయన, నీళ్లు వెచ్చగా ఉన్నాయని ఆమె. పొద్దున్నే గంట కొట్టి దేవుణ్ణి లేపుతున్నాడట బాపు, నిద్ర చెడిన కోపానికి ఆ దేవుడు ఇట్లా ఎండలు కాయిస్తున్నాడని ఆమె అనేది. ఆ మాటకు బాపు ఇంటికొచ్చి కూడా నవ్వుకునేవాడు.

వసుమతికి పన్నెండు రోజులు జ్వరం. డాక్టరు దాని పేరు చెప్పాడు. నాకు గుర్తులేదు. ఆ రోజుల్లో చాలా సంగతులు నాకు గుర్తులేవు. గుర్తున్నది దవాఖానలో ఒక నర్సు. చివరి రోజు పొద్దున ఆమె నా భార్య తలను ఒళ్లో పెట్టుకుని, చిక్కు తీసి, రెండు జడలు అల్లింది. ఇక లాభం లేదని అప్పటికి అందరికీ తెలుసు. ఇప్పుడెందుకమ్మా అని అడిగాను. చిక్కు పడితే దిండు మీద ఒత్తుకుంటుంది అన్నది ఆమె, నా వైపు చూడకుండా. ఇంటికి తీసుకొచ్చేటప్పుడు జట్కావాడు గుర్రాన్ని దారి పొడవునా నడిపించాడు, ఒక్కసారీ పరుగు పెట్టించలేదు. నేను అడగలేదు. ఆబిడ్స్ దగ్గర వెనక నుంచి ఒక మోటారు ఎంత హారన్ కొట్టినా పక్కకు తీసి నిలిపాడు గాని తొందరపడలేదు.

నేను ఏడవలేదు. మా పెదనాయన కోడలు సౌభాగ్య వదిన చాదర్‌ఘాట్ నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. మా అమ్మాయి ప్రభావతికి ఏడేళ్లు. అది వాళ్లమ్మ పెట్టె మీద కూర్చుని కాళ్లూపుతూ ఉంది. నాకు దాని కాళ్లు కనిపించాయి, గోడ కనిపించింది, గోడ మీద బల్లి కనిపించింది. ఏదీ నా దాకా రాలేదు.

మైల పదకొండు రోజులన్నాడు అయ్యగారు. పదకొండో నాడు శుద్ధి అయ్యేదాకా మా ఇంటివాళ్లెవరూ ఇతరులు తాగే నీళ్లు, తినే తిండి ముట్టరాదు. చాదర్‌ఘాట్‌లో ఉన్న మా పెదనాయన కొడుకులకూ అంతే. ఇది మాకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే కాలం. ముప్పై రెండేళ్లలో మా ఇంట్లో చావులన్నీ వానకాలంలోనో చలికాలంలోనో జరిగాయి. మా తమ్ముళ్లు ఇద్దరు, చెల్లె, అమ్మ, ఎవరూ ఎండాకాలంలో పోలేదు. ఎండాకాలంలో పోయినది వసుమతి ఒక్కతే.

బాపు స్నేహితుడు బాలకిషన్‌కు మొజంజాహీ మార్కెట్ దగ్గర బట్టల దుకాణం ఉండేది. శవం లేచిన రోజునే ఆయన బాపుతో, సదాశివా, నీళ్ల సంగతి ఫికర్ చెయ్యకు, నా గుమస్తాను నిలబెడతా అన్నాడు. గుమస్తా రెండు రోజులు నిలబడ్డాడు. మంచి కులంవాడు, అందరూ తాగారు. మూడో రోజు ఎండకు తల తిరిగిందని మధ్యలోనే వెళ్లిపోయాడు. నాలుగో రోజు రాలేదు. ఆ సంగతి పొద్దున్నే బాలమల్లు మా గుమ్మం ముందు ఆగి చెప్పాడు. నల్లా నుంచి కావడితో మోసి రంజన్లు నింపేది అతనే. పన్నెండిళ్ల నీళ్లు కూడా అతనివే, నింపి పరుగెత్తవలసిందే తప్ప నిలబడి పోసే తీరిక లేదు. వస్తాడేమోలే, చూద్దాం అన్నాడు బాపు. రోజంతా అరుగు మీద కూర్చుని స్టేషన్ వైపు చూశాడు.

పొద్దుగూకే వేళకు కిష్టవ్వ వచ్చింది. గడప అవతల, మెట్టు దిగువన నిలబడింది. వసుమతి గురించి రెండు మాటలు అన్నది. ఆ తర్వాత చెప్పవలసింది చెప్పింది.

"రంజన్లు నిండుగున్నై పెద్దయ్యా. పోసే చెయ్యే లేదు."

గుమస్తా వస్తాడని మధ్యాహ్నం దాకా జనం నిలబడ్డారట. తర్వాత తిట్టుకుంటూ పోయారట. వాడి జంక్షన్ నుంచి వచ్చిన రైలు దిగిన ఒక పిల్లతల్లి ఆరు రంజన్ల చుట్టూ తిరిగి, చివరికి కిష్టవ్వనే నీళ్లడిగిందట. నేను ముట్టరాదమ్మా అంటే, ఆమె కాసేపు అర్థం కానట్టు చూసి, గుర్రాల తొట్టి దగ్గరికి పోయి పిల్లకు పైటచెంగు తడిపి నోట్లో పిండిందట. కిష్టవ్వ చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. కావలి కుక్క తీరు కూసున్న పెద్దయ్యా అని మాత్రం అన్నది.

ఎవరైనా ఏదో ఒకటి అనాలి కాబట్టి నేను అన్నాను. నేను చదువుకున్నవాణ్ణి, బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు ఇది చాలా చిన్న లెక్క అనిపించింది.

"రేపు నేను పోయి పోస్త బాపు. రైలు దిగేటోళ్లకు మన ఇంట్ల సూతకమని ఎవరు చెప్తరు?"

"ఎవరు చెప్పరు. నాకు తెలుసు గద."

"ఎండల దూపతోని వచ్చినోళ్లు..."

"దూపతోని వచ్చినోని కండ్లు గప్పి తాపుతమా? అడిగే ఓపిక గూడ లేక తాగుతడు వాడు. వాడు అడగకపోతే నేను చెప్పద్దా?"

నాకు కోపం వచ్చి ఉండవలసింది. రాలేదు. ఆయనన్నదీ ఒక లెక్కే. ఆయన ముప్పై రెండేళ్ల మాట ఆ రోజే తప్పిందనీ, దాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడడనీ అర్థమైంది. ఈ రెండింటి మధ్య దారి లేదు. నేను గోడకు ఆనుకున్నాను.

బాపు కిష్టవ్వ వైపు తిరిగాడు. "కిష్టవ్వా, నీ ఇంట్ల ఈ నడుమ ఎవరన్న పోయిన్రా?"

"పోను నా ఇంట్ల ఎవరున్నరు పెద్దయ్యా?"

"పురుడు?"

చావింటి ముందు నవ్వకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గీ వయసులనా?"

"అంటే నీకు ఏ సూతకం లేదు."

"లేదు."

"నాకున్నది. నా కొడుక్కున్నది. శాస్త్రం లెక్కన చూస్తే ఇయ్యాల నా చెయ్యి కన్న నీ చెయ్యి శుద్ధి." వేళాకోళమాడుతున్నాడేమోనని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పంచాంగం చూసి తిథి చెప్పే ముఖంతోనే ఉన్నాడు. "రేపటి సంది నువ్వు పొయ్యి."

"నీ శాస్త్రం నీ అరుగు మీద చెల్తది. నాంపల్లి అడ్డా మీద నా వీపు పగుల్తది."

"మొదలు ఒకడు తాగితే పగలదు."

"ఎవడు తాగుతడు?"

పొద్దుగాల చూద్దాం పో అన్నాడు బాపు.

పొద్దున ఆయన కర్ర పట్టుకుని బయలుదేరితే వెనక నేనూ నడిచాను. పోవాలని కాదు. కాళ్లు పోయాయి. ఏడు గంటలకే నేల కాలుతోంది. కిష్టవ్వ తలస్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని, పందిరికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. రాత్రి మూటముల్లె సర్దుకుని ఊరికి పోదామనుకున్నదట, ఆ మాట తర్వాత నాతో అన్నది. అప్పటికే బాలమల్లు రంజన్లు నింపి పోయాడు. రాయచూరు బండి వచ్చే వేళ. కూలీలు, జట్కావాళ్లు, పదిహేనుమంది దాకా ఉన్నారు. బాలకిషన్ గుమస్తా కూడా ఒక పక్కన ఉన్నాడు, తల తిరగడం తగ్గినట్టుంది.

బాపు అందరికీ వినబడేటట్టు, మా ఇంట్లో సూతకం, నేను ముట్టేటట్టు లేదు, శుద్ధి అయ్యేదాకా ఈమె పోస్తది అన్నాడు. కర్రతో చెంబు చూపించాడు.

కిష్టవ్వ చెంబు ముంచింది. చెంబు రంజన్ అంచుకు తగిలింది. ఆ చప్పుడుకు ఒక కూలీ, అయ్యో పగిలెరా అన్నాడు. పగలలేదు.

బాపు దోనె దగ్గరికి నడిచాడు. దోనె ఆ చివరకు. సూతకంలో ఉన్న మనిషి ఎవరికీ తగలకుండా నిలబడాలి కాబట్టి ఆయన లెక్కన ఆయన చోటు అదే. కర్ర గోడకు ఆనించి, నడుం వంచి, రెండు చేతులూ కలిపి నోటి దగ్గర పెట్టాడు. మా బాపు ఆ చోట వంగి నిలబడగా నేనెన్నడూ చూడలేదు. వెనక నుంచి చూస్తే ఎవరో ముసలి కూలీ అనుకుంటారు. కిష్టవ్వ పోసింది. ఆయన తాగాడు. చెంబు అయిపోతే చేతులు తియ్యలేదు. రెండోది పోసింది. మూడోది. నలుగురికీ తెలియాలని అంతసేపు తాగుతున్నాడు అనుకున్నాను. తర్వాత నిటారుగా నిలబడి, మీసాలు తుడుచుకుని, పక్కకు జరిగాడు.

ఆయన జరిగిన చోటు ఖాళీగా ఉంది. అందరూ నా వైపు చూశారు. తండ్రి తర్వాత కొడుకు, అంతే కదా.

కాలేజీలో చదివే రోజుల్లో అంటరానితనం మీద ఇంగ్లీషులో పదిహేను నిమిషాలు మాట్లాడి వెండి కప్పు గెలిచాను. దాంట్లో వసుమతి తలపిన్నులు వేసుకునేది. ఆ పదిహేను నిమిషాల్లో చెప్పిన మాటలన్నీ నాకు ఇప్పటికీ వచ్చు. ఆ పొద్దున నా చేతులు వెనక ఉన్నాయి, ఒక చెయ్యి ఇంకో చేతి మణికట్టును పట్టుకుని ఉంది. ముందుకు రాలేదు. అసహ్యమా అంటే కాదు. భయమా అంటే ఎవరికి భయం? దుఃఖంలో మొద్దుబారి ఉన్నానని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్లు అట్లాగే చెప్పుకున్నాను కూడా. కానీ మొద్దుబారినవాడు ఏదైనా చేస్తాడు, ఏం చేస్తున్నాడో తెలియకుండా. నాకు తెలుసు.

కిష్టవ్వ చెంబు వంచబోయి ఆగింది. నేను రానని తెలిశాక, తల తిప్పి సరాయి గోడ వైపు ఏదో ఉన్నట్టు చూసింది. ఆమె నన్ను చూస్తున్నదని నేను చూడవలసిన పని లేకుండా చేసింది.

"అరె అమ్మా, వీళ్ల పంచాయతీ పొద్దుమూకినా తెగదు, జర నాకు పొయ్యి" అంటూ ఒక జట్కా సాయిబు తన రేకు గ్లాసు తీసుకుని ముందుకొచ్చాడు. జనం నవ్వారు. అతని వెనక ఇద్దరు కూలీలు వచ్చారు. రాయచూరు బండి వచ్చింది.

ఆ రోజు నుంచి శుద్ధి దాకా బాపు పొద్దున వచ్చి మొదట తాను తాగి, గోడ పక్కన రాయి మీద కూర్చునేవాడు. మొదటి రోజు వచ్చిన ప్రతివాడికీ కిష్టవ్వ ఫలానా అని, ఇష్టమైతే తాగమని చెప్పాడు. ఎవరి కళ్లూ కప్పకూడదు కదా. పది మందికి చెప్పేసరికి ఆమె చెంబు రంజన్ మూత మీద పెట్టేసింది.

"పెద్దయ్యా, మాటిమాటికి నా కులం ఒర్రుతున్నవు. నీ సూతకం చెప్పు చాలు. అది కొత్తది, నాది పాతదే గద."

బాపు తల ఆడించాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకే చెప్పాడు. అడిగినవాళ్లలో సగం మంది తాగారు. ఒక ముసలావిడ కళ్లు మూసుకుని తాగి, మూసుకునే దండం పెట్టి పోయింది. ఒకాయన నోట్లో పోసుకున్నది ఉమ్మేశాడు. ఆ ఉమ్మిన చోట కిష్టవ్వ ఇసుక చల్లి మళ్లీ చెంబు అందుకుంది. రెండో రోజు బాలకిషన్ దుకాణం మూసి మరీ వచ్చి ఎగిరాడు. ముప్పై ఏళ్ల పుణ్యం మోరీల పోసుకుంటున్నవు సదాశివా, రేపు నీ మనుమరాలిని ఎవరు చేసుకుంటరు అన్నాడు. బాపు అంతా విన్నాడు.

"పుణ్యం లెక్క నాకు తెల్వది బాలకిషన్. రంజన్లు మాత్రం మాపటికి అడుగంటుతున్నై."

బాలకిషన్ ఆరు రంజన్లలోకీ తొంగి చూశాడు. వచ్చిన దారినే పోయాడు. మండలి వాళ్లు ఆ ఏడు బాపును భజనకు పిలవలేదు. మూడేళ్లకు మళ్లీ పిలిచారు, ఆయన ఏమీ జరగనట్టు తాళాలు తీసుకుని వెళ్లాడు. నేను రాసిచ్చిన రెండు పేజీల్లో ఈ సంగతి లేదు. వాళ్లు వద్దనలేదు. నేనే రాయలేదు.

నేను రోజూ వెళ్లేవాణ్ణి. మూసీ దగ్గర చేయవలసినవి చేసి, అక్కడి నుంచి వచ్చి పందిరికి ఎడంగా కూర్చునేవాణ్ణి. దాహమైతే ఇంటికి పోయి తాగేవాణ్ణి. తాగే ఉంటాను. బాపు నన్నేమీ అడగలేదు. ఇంటికి వస్తే ప్రభావతికి జడ వేయడానికి తంటాలు పడేవాడు. పార్సిళ్లకు పురికొస కట్టిన చెయ్యి, బిగించి ముడి వేసేవాడు. అది కేకలు పెట్టేది. ఆ కేకలు వింటే ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది.

పదకొండో నాడు శుద్ధి అయింది. పన్నెండో నాడు పొద్దున కిష్టవ్వ చెంబు తోమి, ఇసుక మీద బోర్లించి, తన పుల్లల దగ్గర కూర్చుని ఉంది. బాపు చెంబు తీసుకుని రంజన్ దగ్గర నిలబడ్డాడు. దోనె దగ్గరికి పోయేవాళ్లు మళ్లీ దోనె దగ్గరికే పోయారు. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు, నాతో సహా. ఎండ నడినెత్తికి వచ్చాక, ఎప్పటిలా బాపు మధ్యాహ్న పూజకు ఇంటికి పోవలసిన వేళయింది. ఆ గంటన్నర ఏటా బాలకిషన్ గుమస్తా చూసుకునేవాడు. గుమస్తా వచ్చి నిలబడే ఉన్నాడు. బాపు అతన్ని దాటి పోయి, కిష్టవ్వా, నేను వచ్చేదాకా జర చూడు అని చెంబు ఆమె పక్కన పెట్టి ఇంటిదారి పట్టాడు. అంతే. ఆ తర్వాత ఎనిమిది ఎండాకాలాలు ఆ గంటన్నర ఆమెదే. ఇష్టంలేనివాళ్లు వేరే వేళకు వచ్చేవాళ్లు. ఆ వేళకు మించిన దాహం వేరే వేళకు ఉండేది కాదు గనుక ఎక్కువమంది అప్పుడే వచ్చేవాళ్లు.

రెండు రోజులకు మృగశిర వచ్చింది. మబ్బు పట్టింది గాని వాన పడలేదు. సౌభాగ్య వదిన బెల్లంలో ఇంగువ కలిపి ఉండలు చేసి అందరికీ తలా ఒకటి పెట్టి, తన ఇంటికి బయలుదేరింది. మధ్యాహ్నం నేనూ బాపూ పందిరి విప్పడానికి వెళ్లాం. బాలమల్లు తాటాకులు దించుతున్నాడు. కిష్టవ్వ రంజన్ల చుట్టూ ఇసుక తవ్వుతోంది. బాపు రాయి మీద కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను.

చెప్పాలని అనుకోలేదు. ఎవరూ అడగని సంగతి. అయినా నోట్లోంచి వచ్చింది.

"ఆ మొదటి రోజు నా చేతులు రాలేదు బాపు."

"చూసిన."

"ఏమనలేదు నువ్వు."

"ఏమనాలె? నీకు ఆనాడు దూప లేదు. దూప లేనోడు తాగకపోతే తప్పేంది?"

నా తరఫున అంత సులువుగా వకాల్తా పుచ్చుకుంటాడనుకోలేదు. నాకు అది నచ్చలేదు. "మరి నువ్వు? నలుగురు చూడాలని మూడు చెంబులు తాగితివి."

బాపు నా వైపు చూశాడు. ఏదో చిన్నపిల్లవాడి ప్రశ్నకు జవాబు చెప్పాలా వద్దా అన్నట్టు.

"నలుగురు చూసుడేంది బిడ్డా. నాకు మస్తు దూపైంది. ముందటి రోజు రంజన్ల కాడ నీళ్లు పోసేటోళ్లు లేకపాయె. గాడ జనం నీళ్లు లేక పోతాంటే నేనింట్ల కూసొని తాగుడేంది అని ముట్టలే. పొద్దటి నుంచి మల్ల పొద్దటిదాక. పానం పోతదనుకున్న. ఆమె పోస్తాంటే ఎవరు పోస్తున్నరో గూడ సోయి లేదు నాకు. ఇంకో చెంబు పోస్తే అది గూడ తాగుతుంటి."

ఆ మాట చెప్పి, బాలమల్లు కట్టె పడేయబోతుంటే మెల్లగ, మెల్లగ అని అటు లేచి పోయాడు.

ఆ ముందటి రోజు నేను ఆయనకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. పొద్దంతా, రాత్రంతా. రోహిణి ఎండ. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నేను గోడనూ బల్లినీ చూశాను, ఆయనను చూడలేదు. దవాఖానలో పన్నెండు రోజులు వసుమతి పెదవులు తడి గుడ్డతో అద్దుతూ కూర్చున్నవాణ్ణి, ఇంట్లో ఇంకొకరి పెదవులు ఎండుతుంటే నాకు తెలియలేదు.

నా నాలుక అంగిటికి అతుక్కుని ఉంది. ఎప్పటి నుంచి అతుక్కుని ఉందో తెలియదు. ఇంగువ వాసన, బెల్లం జిగురు, దాని కింద ఇంకేదో పాత ఎండుదనం. దాహం. నా ఒంట్లో ఏదో ఒకటి జరుగుతున్నదని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఐదు రంజన్లు పక్కకు పడుకోబెట్టారు. ఆరోదాన్ని కిష్టవ్వ అప్పుడే వంచబోతోంది.

"ఆగు కిష్టవ్వా," అన్నాను. "నీళ్లున్నాయా?"

ఆమె లోపలికి చెయ్యి పెట్టి చూసింది. "అడుగున జరన్ని ఉన్నై. మట్టి వాసనొస్తది సారు. ఇంట్ల తాగరాదూ?"

ఇల్లు వంద గజాల దూరం కూడా లేదు. వంగాను. చేతులు వచ్చాయి. దోనె అప్పటికే విప్పి గోడకు ఆనించారు. ఆమె అటు చూసింది, నా చేతులు చూసింది, చెంబు దగ్గరికే తెచ్చి పోసింది. నీళ్లు సన్నగా వచ్చాయి, మోచేతుల మీదుగా కారి చొక్కాలోకి పోయాయి. వెచ్చగా ఉన్నాయి. అందులో ఇసుక ఉంది.

ఆ పద్నాలుగు రోజుల్లో నేను ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు ఇస్తే, నీళ్లు తాగే ఉంటాను. తాగకుండా ఎవరు బతుకుతారు? కానీ తాగినట్టు గుర్తున్నది ఇదొక్కటే.